తెల్లవారుజాము మూపురం: తోటలో వెదర్ స్టేషన్, డిసెంబర్ నోట్స్

రాత్రి నా వెదర్ స్టేషన్ గ్రాఫ్‌లో ఆ మూపురం మళ్ళీ వచ్చింది. 2.10కి 12.4 డిగ్రీలున్న గాలి 2.50కల్లా 14.1కి ఎక్కేసింది. మబ్బు లేదు, చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. ఇలాంటి రాత్రి ఉష్ణోగ్రత తెల్లారేదాకా దిగుతూనే ఉండాలి. నా గ్రాఫ్‌లో మాత్రం మధ్యలో ఎద్దు మూపురంలా ఒకటి లేస్తోంది, మళ్ళీ దిగేలోపు పొద్దు పొడుస్తోంది. దాంతో కనిష్ఠం రెండు గంటల దగ్గరే ఆగిపోతోంది. మండలంలోని ప్రభుత్వ ఆటోమేటిక్ స్టేషన్ కంటే 1.3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. చలి ఇంత గట్టిగా ఉన్న వారంలో ఇలా జరుగుతుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

నా స్టేషన్ నల్లగొండ జిల్లా కనగల్ వైపు మా బావ వాళ్ళ బత్తాయి తోటలో ఉంది. కుండీల కింద పెట్టే ప్లాస్టిక్ ప్లేట్లతో సెన్సర్ చుట్టూ చేసిన షీల్డ్ పగటి ఎండకు బాగా ఆగింది. సోలార్, అప్‌లోడ్ రెండూ ఓకే.

మొదటి అనుమానం స్టేషన్‌ను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఈఎస్‌పీ 32 వేడి మీద. దాన్ని మీటరు వైరుతో వేరే డబ్బాలోకి మార్చి, పది నిమిషాలకోసారి మాత్రమే లేచేలా పెట్టాను. మూపురం కదల్లేదు. తర్వాత సెన్సర్‌ను అనుమానించి, ఉష్ణోగ్రత, తేమ కొలిచే ఎస్‌హెచ్‌టీ 31 పక్కనే డీఎస్ 18బీ20 అనే ఇంకో ఉష్ణోగ్రత సెన్సర్ కట్టాను. రెండూ కలిసే ఎక్కాయి, కలిసే దిగాయి. అంటే గాలే వేడెక్కుతోంది. (డీహెచ్‌టీ 22 సెన్సర్ వాడమని ఇంకా సలహాలు వస్తున్నాయి. మంచు పడ్డ రాత్రి తర్వాత నాది తేమ 99.9 శాతం దగ్గర బిగుసుకుపోయింది. చలికాలంలో బయట పెట్టడానికి అది పనికిరాదు.)

అసలు దారి తేమ చూపించింది. గాలి ఊరికే వేడెక్కితే తేమ శాతం తగ్గాలి. ఇక్కడ 88 నుంచి 91కి పెరిగింది. లెక్క వేస్తే డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత, ఆవిరి పెరిగితే ఇదీ పెరుగుతుంది) 10.5 నుంచి 12.7కి ఎక్కింది. ఎక్కడి నుంచో కొత్తగా ఆవిరి వచ్చి కలుస్తోందన్నమాట. బావనడిగితే, "రాత్రిపూట వోల్టేజీ మంచిగుంటది, రెండింటికి టైమర్ పెట్టిన. తొట్టి నిండంగనే బోరు ఆగుతది" అన్నాడు. ఆ తొట్టి నా స్తంభానికి ఆరు మీటర్ల దూరంలో ఉంది! నీళ్ళలో సెన్సర్ ముంచితే 27.5 డిగ్రీలు. చలికాలం బోరు నీళ్ళ మీద పొగలు లేవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. గాలి కదలని రాత్రి ఆ ఆవిరి నేరుగా షీల్డ్‌లోకి వస్తోంది.

ఇక్కడితో తేలిపోవాలి కదా, తేలలేదు. బావను బతిమాలి టైమర్ ఆపించాను. రెండింటి మూపురం పోయింది, కానీ మూడున్నరకు ఇంకొకటి లేచింది. 12.0 నుంచి 13.5. ఈసారి తేమ 86 నుంచి 75కి పడింది, డ్యూ పాయింట్ 9.7 నుంచి 9.2కి దిగింది. కాబట్టి నీళ్ళ పని కాదు. చలి రాత్రి బరువైన చల్లగాలి నేలనంటుకుని ఉంటుంది, దాని పైన వెచ్చటి, పొడి గాలి ఉంటుంది. కొంచెం గాలి వీచినా రెండూ కలిసిపోతాయి. ఇది అదేనని నా ఊహ. మండల స్టేషన్‌లో ఇది ఎందుకు కనిపించదో మాత్రం అర్థం కావడం లేదు. మా తోట కాస్త పల్లంలో ఉంది, చల్లగాలి వచ్చి నిలిచేది అక్కడే, అందుకే చెదిరినప్పుడు తేడా పెద్దగా కనిపిస్తోందేమో. గాలి వేగం కొలిచేది లేకుండా ఇది తేల్చలేను.

మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలకు దిగి, మామూలు కంటే 4.5 డిగ్రీలు తక్కువైతే వాతావరణ శాఖ చలిగాలులని అంటుంది. ఆ గీత దగ్గర 1.3 డిగ్రీల తప్పు అంటే మొత్తం తప్పే.

టైమ్ కూడా ఎక్కువ లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం వస్తుందంటున్నారు. మబ్బు కమ్మితే కనిష్ఠం పైకి పోతుంది, చలి ప్రయోగం అంతటితో ఆగినట్టే. అప్పుడు గాలి పీడనం కొలిచే బీఎంఈ 280 సెన్సర్‌కి పని. (ఆ పేరుతో తేమ కొలవని బీఎంపీ 280 అంటగడుతున్నారు, చిప్ ఐడీ చదివి చూసుకోండి: 0x60 వస్తేనే బీఎంఈ.) మన దగ్గర పీడనం రోజూ ఉదయం పదికి ఎక్కి సాయంత్రం నాలుగుకు మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ దిగుతుంది. దూరంగా ఉన్న తుఫాను ప్రభావం అందులో మునిగిపోతుంది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటినప్పటి డేటా తీసి, ప్రతి రీడింగ్ నుంచి ముందురోజు అదే గంట రీడింగ్‌ను తీసేస్తే పతనం శుభ్రంగా బయటపడింది. ఇకనుంచి ఈ లెక్క గంటగంటకూ దానంతటదే జరిగేలా కోడ్ రాస్తున్నాను.

ఆదివారం స్తంభాన్ని తొట్టికి ముప్పై మీటర్ల దూరం జరుపుతాను. గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్ ఆర్డర్ పెట్టాను. కప్పులది, బేరింగ్ ఉన్నది. బేరింగ్ లేని చవక బుష్ రకం మెల్లటి గాలికి తిరగదు, నాకు కావలసింది సరిగ్గా ఆ మెల్లటి గాలే. అది వచ్చేలోపు ఒక కర్రకు దూది పోగు కట్టి, మూడున్నరకు టార్చి వేసుకుని చూడాలని ఉంది.