స్కల్‌క్లాంప్: ఆ మైనస్ ఒకటిలోనే ఉంది బలమంతా

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో కొత్త కార్డు చేతికొస్తే, అది ఏమిస్తుందో కన్నా మనల్ని ఏమడుగుతుందో నేను ముందు చూస్తాను. అడిగేది మన దగ్గర ఊరికే దొరికేదైతే ఆ కార్డుని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ మాటకి స్కల్‌క్లాంప్‌ని మించిన సాక్ష్యం నాకు కనిపించలేదు.

కార్డు మీద రాసింది చాలా తక్కువ. ఒక మనాకి (కార్డులు ఆడటానికి ఖర్చుపెట్టే శక్తి) వచ్చే ఎక్విప్‌మెంట్, అంటే మన తరఫున పోరాడే క్రీచర్‌కి తగిలించే సామాను. తగిలించిన క్రీచర్‌కి పవర్ (కొట్టే దెబ్బ) ఒకటి పెరుగుతుంది, టఫ్‌నెస్ (తట్టుకునే బలం, సున్నా అయితే చావే) ఒకటి తగ్గుతుంది. ఆ క్రీచర్ చస్తే మనం రెండు కార్డులు తీసుకుంటాం. తగిలించడానికి ఇంకో మనా. 2004 ఫిబ్రవరిలో డార్క్‌స్టీల్ సెట్‌లో వచ్చింది, అదీ అన్‌కామన్‌గా, అంటే మరీ అరుదు కాని కార్డుగా.

మా తమ్ముడు ఈ మధ్యే కమాండర్ (ఒక నాయకుడి కార్డు చుట్టూ డెక్ కట్టుకుని ఆడే పద్ధతి) ఆడటం మొదలుపెట్టి, ‘క్రెంకో, మాబ్ బాస్’ అనే కార్డుతో గోబ్లిన్ డెక్ కట్టుకున్నాడు. వాడి క్రీచర్లలో ఎక్కువ టోకెన్లే, అంటే వేరే కార్డు పుట్టించేవి; అవి వన్-వన్‌లు, అంటే పవర్ ఒకటి, టఫ్‌నెస్ ఒకటి. నా దగ్గరున్న స్కల్‌క్లాంప్ ఒకటి ఇస్తే చదివి పక్కన పెట్టేశాడు.

“అక్కా, నా టోకెన్లన్నీ వన్-వన్‌లే. ఇది తగిలిస్తే అక్కడికక్కడే చచ్చిపోతాయి కదా!”

“చావాలనే కదరా తగిలించేది” అన్నాను.

లెక్క చూడండి. డివినేషన్ అనే నీలం కార్డుకి మూడు మనా పెడితే రెండు కార్డులొస్తాయి, తర్వాత ఆ కార్డు అయిపోయినట్టే. స్కల్‌క్లాంప్ ఒకసారి టేబుల్ మీదికి వచ్చిందంటే, ఒక్క మనా, ఒక వన్-వన్ ఇస్తే చాలు, రెండు కార్డులు. పైగా క్రీచర్ పోయినా క్లాంప్ అక్కడే ఉంటుంది. క్రెంకోని ఒక్కసారి ట్యాప్ చేస్తే (కార్డుని అడ్డంగా తిప్పి వాడుకుంటే), మనకి ఎన్ని గోబ్లిన్లుంటే అన్ని కొత్త గోబ్లిన్లు పుడతాయి. నాలుగు టోకెన్లు, నాలుగు మనా, ఎనిమిది కార్డులు! గోబ్లిన్లది ఎరుపు రంగు, ఆ రంగు డెక్కుకి అదనంగా కార్డులు దొరకడం ఎంత కష్టమో ఆడేవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఎల్ఫ్ డెక్‌లో ఇంకా ఘోరం. కిందటి టర్న్‌లో దించిన లానోవార్ ఎల్ఫ్స్ అనే వన్-వన్ క్రీచర్‌ని ట్యాప్ చేసి పచ్చ మనా తీయండి. ఆ మనాతోనే క్లాంప్‌ని అదే ఎల్ఫ్‌కి తగిలించండి. అది చస్తుంది, మీకు రెండు కార్డులు. జేబులోంచి ఒక్క ల్యాండ్ (మామూలుగా మనా ఇచ్చే కార్డు) కూడా ఖర్చు కాలేదు. నేను మొదట్లో చెప్పిన ‘ఊరికే దొరికేది’ అంటే ఇదే.

అప్పటి స్టాండర్డ్ ఫార్మాట్‌ని (కొత్త సెట్ల కార్డులతోనే ఆడే పద్ధతి) ఇది కుదిపేసిందంటే ఆశ్చర్యం లేదు. సున్నా మనాకి వచ్చే ఆర్నిథాప్టర్ కూడా ఆయుధమైపోయింది. ఆర్క్‌బౌండ్ వర్కర్ అనే క్రీచర్‌కి తగిలిస్తే అది చస్తూ తన మీదున్న, బలం పెంచే కౌంటర్‌ని ఇంకో ఆర్టిఫాక్ట్ (యంత్రం లాంటి) క్రీచర్‌కి ఇచ్చిపోతుంది, మనకి రెండు కార్డులు మిగులుతాయి. ఆర్టిఫాక్ట్‌లతో నిండిన అఫినిటీ డెక్కులు, గోబ్లిన్ డెక్కులు, ఎల్ఫ్ డెక్కులు, అన్నిట్లోనూ ఇదే. వచ్చిన నాలుగు నెలలకే, జూన్‌లో, స్టాండర్డ్‌లో బ్యాన్ చేశారు. తయారీ చివరి దశలో చేసిన మార్పు వల్ల ఈ రూపం వచ్చిందనీ, దాన్ని తగినంతగా ఆడి చూడలేదనీ తయారుచేసినవాళ్లే తర్వాత వివరించారు. పాత కార్డులు కూడా ఆడే లెగసీ, మోడర్న్ ఫార్మాట్లలోనూ దీనికి చోటు లేదు. కమాండర్‌లో మాత్రం హాయిగా ఆడుకోవచ్చు.

నాకు బాగా నచ్చేది ఎదుటివాళ్ల మీద ఇది పెట్టే టెన్షన్. క్లాంప్ తగిలించుకున్న క్రీచర్ దాడికి వస్తే, బ్లాక్ చేసి చంపాలా వద్దా? చంపితే మనకి రెండు కార్డులు, వదిలేస్తే దెబ్బ. నలుగురు ఆడే ఆటలో చాలామంది దెబ్బే తింటారు.

అయితే క్రీచర్లున్న ప్రతి డెక్‌లోనూ దీన్ని పెట్టేయాలనే మాటని నేను ఒప్పుకోను. డ్రాగన్ డెక్‌లో ఇది ఏం చేస్తుంది? ఫైవ్-ఫైవ్ కాస్తా సిక్స్-ఫోర్ అవుతుంది, అంతే. దాన్ని ఎవరో వచ్చి చంపాలి. వాళ్లు స్వోర్డ్స్ టు ప్లవ్‌షేర్స్ అనే కార్డుతో ఎక్సైల్ చేస్తే, అంటే ఆటలోంచే తీసేస్తే, అది చావు కిందికి రాదు, ఒక్క కార్డూ రాదు. రెస్ట్ ఇన్ పీస్ అనే కార్డు టేబుల్ మీద ఉంటే టోకెన్లు కూడా చావవు, ఎక్సైల్ అవుతాయి. నల్ రాడ్ అనే కార్డు ఉంటే అసలు తగిలించడమే కుదరదు. డెక్‌లో చవగ్గా చచ్చేవి ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి. పది కూడా లేకపోతే ఆ చోటు ఇంకో కార్డుకివ్వండి.

తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న ఇంకా మంచిది. వాడి డెక్‌లో గోబ్లిన్ చీఫ్టెన్ అనే క్రీచర్ ఉంది. అది మిగతా గోబ్లిన్లన్నిటికీ ప్లస్ వన్ ప్లస్ వన్ ఇస్తుంది, హేస్ట్ కూడా ఇస్తుంది. క్రెంకో దిగిన టర్న్‌లోనే ట్యాప్ కావాలంటే ఆ హేస్ట్ ఉండాల్సిందే. కానీ చీఫ్టెన్ ఉంటే టోకెన్ టూ-టూ అవుతుంది. క్లాంప్ తగిలిస్తే త్రీ-వన్, చావదు. “మరి చీఫ్టెన్‌ని తీసేయనా?” అన్నాడు.

తీయొద్దు, స్కర్క్ ప్రాస్పెక్టర్ అనే గోబ్లిన్‌ని తెచ్చి పెట్టమన్నాను. అది ఒక గోబ్లిన్‌ని బలి తీసుకుని ఒక ఎర్ర మనా ఇస్తుంది, ట్యాప్ కూడా అక్కర్లేదు. చీఫ్టెన్ లేకపోతే క్లాంప్ తగలగానే టోకెన్ చస్తుంది, బలి ఇవ్వడానికి సమయం ఉండదు, మనా రాదు. చీఫ్టెన్ ఉంటే టోకెన్ బతికే ఉంటుంది. ఒక మనాతో తగిలించు, ప్రాస్పెక్టర్‌కి బలి ఇవ్వు, రెండు కార్డులు తీసుకో, చేతికొచ్చిన ఎర్ర మనాతో ఇంకో గోబ్లిన్‌కి తగిలించు. మొదటి మనా ఒక్కటే మన ఖర్చు, ఆ తర్వాత గోబ్లిన్లు అయిపోయేదాకా ప్రతి ఒక్కటీ రెండేసి కార్డులు తెచ్చిపెడుతుంది.