హర్గేసాలో తాతల లెక్క

లండన్‌లో నాతో పనిచేసే సొమాలీ అమ్మాయి సెలవులకి ఆఫ్రికాలోని సొమాలీలాండ్ రాజధాని హర్గేసా వెళ్తూ నన్నూ రమ్మంది. పుట్టి పెరిగింది లండన్‌లోనే, నాన్న ఊరు చూడటం తనకీ ఇదే మొదటిసారి. జులై కదా, విమానం నిండా ఇలాంటి పిల్లలే. వీళ్లని అక్కడ కుర్బజోగ్ అంటారు, విదేశాల్లో ఉండేవాళ్లని. దారి తప్పుతున్నారని పెద్దవాళ్లు బలవంతాన పంపితే దానికి వేరే పేరు: ధకన్ ఎలిస్, సంస్కృతిలోకి మళ్లించడం. మా వెనక సీటు కుర్రాడు ఆ బాపతే. దారంతా మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

పాస్‌పోర్టు మీద సొమాలీలాండ్ ముద్ర వేశారు. సొమాలియా నుంచి విడిపోయామని 1991లో వీళ్లు ప్రకటించుకున్నారు.

బజారులో షిల్లింగుల కట్టలు ఇటుకల్లా పేర్చుకుని డబ్బు మార్చేవాళ్లు కూర్చున్నారు. టీ కొట్టులో మాత్రం చెల్లింపంతా ఫోన్‌లోనే. మన ఫోన్‌పే గొప్ప చెప్పబోయి ఊరుకున్నాను. తను సొమాలీలోనే బేరమాడింది. కొట్టతను ఇంగ్లీషులో జవాబిచ్చాడు! నడక చూస్తేనే తెలిసిపోతుందట.

ఊరి నడుమ దిమ్మె మీద ఒక మిగ్ యుద్ధవిమానం ఉంది. 1988లో, అప్పటి సొమాలియా పాలకుడు సియాద్ బారే ప్రభుత్వం ఈ ఊరిమీద బాంబులు వేయించింది. ఆ విమానాలు లేచింది ఈ ఊరి విమానాశ్రయం నుంచే, మేం దిగిన చోటు నుంచే. అప్పుడు నా స్నేహితురాలి అమ్మ ఇథియోపియాలోని హర్తిషేక్ శరణార్థి శిబిరానికి నడిచి వెళ్లిందట. ఇంట్లో ఆ సంగతి ఎప్పుడూ ముక్తసరిగానే చెప్పేదట. తను ఫొటో తీసుకోలేదు. నేనూ ఫోన్ జేబులో పెట్టేశాను.

అసలు టెన్షన్ మేనత్త ఇంట్లో. పొద్దున్నే లహోహ్ వేశారు. పులిసిన పిండి, ఒకవైపే కాలుస్తారు, పైనంతా గుల్లలు. మన సెట్ దోశకి అక్కలాంటిది. నెయ్యి, తేనె వేసి పెడుతూ అత్త "నీ అబ్తిర్సి చెప్పమ్మా" అంది. తండ్రి, తాత, ముత్తాత అంటూ పేర్లు వరసగా అప్పజెప్పాలి. మనవాళ్లు ఇంటిపేరు, గోత్రం ఆరా తీసినట్టే. ముచ్చటగానే ఉంటుంది కానీ అక్కడి రాజకీయాలూ కొట్లాటలూ చాలావరకు ఈ లెక్క మీదే నడిచాయి.

తను ఐదో పేరు దగ్గర ఆగిపోయింది. ఎనిమిదేళ్ల బాబాయి కొడుకు, లహోహ్ ముక్క చేతిలో ఉండగానే, ఊపిరి తీసుకోకుండా పదిహేను చెప్పేశాడు. రెండో పేరు నుంచి ఇద్దరివీ అవే తాతలు మరి. తను ఫోన్‌లో రాసుకుంటుంటే పక్కన నిలబడి తప్పులు దిద్దాడు.

తర్వాత నావైపు తిరిగి, నీకెన్ని వచ్చు అన్నాడు. మూడు చెప్పాను. తద్దినంలో మూడు తరాల పేర్లు చెబుతారు కాబట్టి ఆ మాత్రమైనా వచ్చాయి.

"మూడేనా!" అని జాలిగా నా కంచంలో ఇంకో లహోహ్ వేశాడు.