అప్పగింతల పాట వెనుక కీచు శబ్దం

గత కార్తీక మాసంలో ఒక రాత్రి, హనుమకొండలోని మా ఇంట్లో కూర్చుని ఒక పెళ్లి వీడియో ఎడిటింగ్ చేస్తున్నాను. అప్పగింతల ఘట్టం అది. సన్నాయి ఆగిపోయి పెళ్లికూతురి తల్లి వెక్కిళ్లు మాత్రమే వినిపించే ఆ కొద్ది క్షణాల్లో, వాటి వెనుక కీచురాయి అరిచినట్టు ఒక సన్నని శబ్దం చెవిన పడింది. కెమెరా మైకు పట్టుకున్న రొద కాబోలనుకొని, దానిని తీసేయడానికి ఫిల్టర్ మీద ఫిల్టర్ వేస్తూ దాదాపు గంటసేపు శ్రమపడ్డాను. వీడియో ఆపితే ఆ శబ్దం ఆగేది, నడిపితే మళ్లీ మొదలయ్యేది. అందుకే అది క్లిప్పులోనే ఉందని గట్టిగా నమ్మాను. చివరికి హెడ్‌ఫోన్ పెట్టుకొని వింటే పాట శుభ్రంగా ఉంది. శబ్దం వస్తున్నది స్పీకర్లలోంచి కాదు, బల్ల కింద ఉన్న కంప్యూటర్ డబ్బాలోంచి.

అందులో తెర మీది బొమ్మలను గీసే గ్రాఫిక్స్ కార్డును కొన్నది ఏప్రిల్‌లో. ఓరుగల్లు ఎండలకు రాత్రంతా కూలర్ హోరుమంటూ తిరిగే రోజులవి. వానకాలమంతా సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. చలి మొదలై ఫ్యాన్ ఆపిన తరువాత గాని, మొదటి నుంచీ ఉన్న ఆ చప్పుడు బయటపడలేదు.

ముందుగా అది ఫ్యాన్ శబ్దమా, కాదా అన్నది తేల్చుకోవాలి. కార్డు మీది ఫ్యాన్లు వేడిని బట్టి మెల్లగా వేగం పుంజుకొని మెల్లగా తగ్గుతాయి. కాయిల్ శబ్దం, అంటే కార్డు మీది తీగచుట్టలు అదిరి చేసే చప్పుడు మాత్రం పని మొదలైన క్షణానే మొదలై, ఆగిన క్షణానే ఆగిపోతుంది. ఆ తరువాత డబ్బా పక్క పలక తీసి, దినపత్రికను గొట్టంలా చుట్టి ఒక చివర చెవికి ఆనించుకొని, రెండో చివరను దేనికీ తగలకుండా ఒకసారి కార్డు వైపు, ఒకసారి పవర్ సప్లై వైపు తిప్పి విన్నాను. పవర్ సప్లైలోని కాయిళ్లు కూడా ఇలాగే కూస్తాయి కనుక ఈ పరీక్ష చేయకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు. మా దాంట్లో శబ్దం కార్డుదేనని తేలింది.

పాత ట్యూబులైటు చోక్ గుయ్‌మనడం మనందరం విన్నదే. గ్రాఫిక్స్ కార్డు మీద చిన్న నల్లని బిళ్లల్లా వరుసగా కనిపించే భాగాలు కూడా చోక్‌లే, అంటే తీగచుట్టలే. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను చిప్పుకు కావలసిన ఇంచుమించు 1 వోల్టుకు దించే ఏర్పాటులో అవి భాగం. వోల్టేజీ అంతగా తగ్గినప్పుడు కరెంటు అంతగా పెరగాలి. 1 వోల్టు దగ్గర 200 వాట్లు అందించాలంటే 200 ఆంపియర్లు ప్రవహించాలి. మా ఇల్లంతా వాడుకునే కరెంటు కూడా అందులో చిన్న వంతే. అంత కరెంటు హెచ్చుతగ్గులైనప్పుడల్లా తీగచుట్టలోని అయస్కాంత బలం మారి, ఆ చుట్ట, దాని నడుమనున్న పదార్థం రెండూ కంపిస్తాయి. ఈ ఏర్పాటు సెకనుకు కొన్ని లక్షల సార్లు స్విచ్ అవుతుంది కనుక ఆ కంపనం మన చెవికి అందదు. చెవికి అందేది చిప్పు పని ఎక్కువ తక్కువలయ్యే లయ: ఒక్కో ఫ్రేముకు, అంటే తెర మీద గీసే ఒక్కో బొమ్మకు ఒకసారి కరెంటు ఎగసి పడితే, సెకనుకు 900 ఫ్రేములు గీస్తున్న కార్డు సెకనుకు 900 సార్లు అదురుతుంది, దానికి రెట్టింపు, మూడింతల స్వరాలనూ కలుపుకొని పలుకుతుంది. వీధి మూల ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ కరెంటుతో సెకనుకు 100 సార్లు అదిరి బొంగురుగా మూలగడం కూడా ఈ కోవకు చెందినదే.

కార్డును తీసుకొని కొన్న దుకాణానికి వెళ్లాను. రోడ్డు పక్క దుకాణం, బయట ఆటోల హారన్లు. అక్కడి అబ్బాయి కార్డును నడిపి చూసి, "అన్నా, నాకైతే ఏం వినిపిస్తలేదు" అన్నాడు. అతను అబద్ధమాడలేదు, ఆ రొదలో నాకూ వినిపించలేదు. అయితే, వినిపించని వాళ్లు వినిపిస్తున్న వాళ్లను భ్రమపడుతున్నారని అనుకోవడం మాత్రం తగదు. పరకాలలో నా చిన్నతనంలో, పక్కింటి టీవీ గొంతు పూర్తిగా తగ్గించి ఉన్నా అది నడుస్తున్నదని నాకు వాకిట్లోంచే తెలిసేది. అప్పటి దూరదర్శన్ ప్రసారంలో ఒక్కో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఆ రెండింటినీ గుణిస్తే వచ్చే 15,625 హెర్ట్జ్ దగ్గరే పాత టీవీలు కీచుమనేవి. మా నానమ్మకు అది వినిపించేది కాదు. వయసు పెరిగేకొద్దీ సన్నని స్వరాలే ముందుగా చెవికి దూరమవుతాయి. ఇప్పుడు మా ఇంట్లో, పక్క గదిలో చదువుకునే మా అమ్మాయి, "డాడీ, ఆ చప్పుడు మళ్ల మొదలైంది" అని నాకంటే ముందే చెబుతోంది.

కాయిల్ శబ్దం వల్ల కార్డు పాడైపోదు. కానీ రాత్రి నిశ్శబ్దంలో పనిచేసేవారికి అది నిజమైన బాధ, దానికి చేయదగినదీ ఉంది. మా అమ్మాయి ఆదివారాలు ఆడే గేమ్‌లో అసలు ఆట కన్నా మెనూ తెర దగ్గరే శబ్దం ఎక్కువగా ఉండేది. గీయవలసింది ఏమీ లేని ఆ తెరను కార్డు సెకనుకు 900 సార్లకు పైగా గీస్తోంది. మా మానిటర్ చూపగలిగేది 75 మాత్రమే. కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లోనే దీనికి హద్దు పెట్టవచ్చు: ఎన్విడియా కార్డులకు మ్యాక్స్ ఫ్రేమ్ రేట్, ఏఎండీ కార్డులకు ఫ్రేమ్ రేట్ టార్గెట్ కంట్రోల్. హద్దు 75 దగ్గర పెట్టగానే మెనూ శబ్దం ఆగిపోయింది.

నా ఎడిటింగ్ పనికి అది చాలలేదు, ఎందుకంటే ఎక్స్‌పోర్ట్ (పూర్తయిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) నడిచేటప్పుడు ఫ్రేమ్ రేటు హద్దుకు పని లేదు. అక్కడ వోల్టేజీ తగ్గించవలసి వచ్చింది. కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ గీత తెరుచుకుంటుంది. 1,050 మిల్లీవోల్టుల దగ్గర నడుస్తున్న చిప్పును 850కి దించితే ఎక్స్‌పోర్ట్ మధ్యలో ప్రోగ్రామ్ మూతపడింది. 900 దగ్గర రోజుల తరబడి నిలకడగా నడిచింది. చిప్పు వాడే విద్యుత్తు వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కనుక ఆ కొద్ది తగ్గింపే దాదాపు నాలుగో వంతు భారాన్ని తీసేసింది. 40 నిమిషాల ఎక్స్‌పోర్ట్ 41 నిమిషాలైంది.

చోక్‌ల మీద జిగురు పోయమని కొందరు సలహా ఇచ్చారు. ఇప్పటి చోక్‌లు చాలావరకు ముందే గట్టిగా పోతపోసి మూసినవి, పైగా ఆ పని చేస్తే వారంటీ పోతుంది, అందుకే చేయలేదు. డబ్బా లోపల స్పాంజి అతికించడమూ వేడిని బంధించడమే. దానికి బదులు, డబ్బా వెనుక బోసిగా ఉన్న గోడకు కొత్తవాడ నేతవారి మందపాటి నూలు జంపఖానా ఒకటి వేలాడదీశాను. సన్నని స్వరాలు గోడకు తగిలి తిరిగి రాకుండా ఆ నూలు కొంత పీల్చుకుంటుంది. గాలి పోయే రంధ్రాలకు జానెడు ఎడం ఉంచాను.

పోయిన వారం ఒక ఉదయం శబ్దం మళ్లీ మునుపటిలా వినిపించి గాబరాపడ్డాను. ఆఫ్టర్‌బర్నర్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేసినప్పుడు, విండోస్ తెరుచుకోగానే సెట్టింగులు వర్తించాలనే మీటను నొక్కడం మరచిపోయాను. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయగానే వోల్టేజీ మళ్లీ 1,050కి చేరింది. ఆ మీట నొక్కి, అదే అప్పగింతల ఘట్టాన్ని మళ్లీ నడిపించి, పక్క గదిలో ఉన్న అమ్మాయిని వినమన్నాను. కొంచెంసేపు చెవి రిక్కించి, ఏడుపు ఒక్కటే వినిపిస్తోందని చెప్పింది.