బెల్లం రంగు టేపు

మూడు వారాలుగా ఒకే ప్రశ్న నన్ను వదలలేదు: నా రోడ్డు సైకిల్ హ్యాండిల్‌కు ఏ రంగు టేపు చుట్టాలి? ఫ్రేము ముదురు నీలం. దాని పక్కన తెలుపు ఎంత అందంగా ఉంటుందో నాకు బాగా తెలుసు, పోయినసారి చుట్టింది తెలుపే. కానీ హైదరాబాద్ ఎండకు కారిన చెమట, చైను సరిచేసిన వేళ్ల మరకలు కలిసి రెండు నెలలకే దాన్ని బూడిద రంగుకు తెచ్చాయి. సబ్బునీళ్లతో ఎంత తుడిచినా పాత కళ రాలేదు. అప్పుడు నిజంగా బాధపడ్డాను.

నలుపైతే మరకల భయం లేదు, నిజమే. అయినా మనసొప్పలేదు. చివరికి సీటు రంగుకు సరిపోయే బెల్లం రంగు తీసుకున్నాను. మందం 2.5 మిల్లీమీటర్లు. నావి చిన్న చేతులు, అంతకంటే లావైతే పట్టు కుదరదు.

చుట్టడం నేనే చేశాను. కింది కొస నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైనుంచి కిందికి చుడితే, అరచేయి నొక్కినప్పుడల్లా అంచులు లేచిపోతాయి. టేపును లాగి బిగువుగా పట్టుకుంటూ, ప్రతి చుట్టూ ముందుదాన్ని మూడో వంతు కప్పేలా వేశాను. బ్రేకు లివరు దగ్గర ఖాళీ కనిపిస్తే రెండుసార్లు విప్పాను.

ఈ ఉదయం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సౌర ఫలకాలే పైకప్పుగా ఉన్న సైకిల్ ట్రాక్ మీద, ఆ నీడలో 23 కిలోమీటర్ల దారి. ఎండ తగిలిన చోటల్లా ఆ రంగు మెరుస్తుంటే, చూపు పదేపదే చేతుల వైపే పోయింది.