డోర్ యాక్సెస్ ప్రోగ్రామింగ్: ముందు మాస్టర్ కోడ్ మార్చండి

కార్డు చూపి తలుపు తెరిచే కీప్యాడ్ బిగించగానే మాస్టర్ కోడ్ (సెట్టింగులు మార్చనిచ్చే కోడ్) మార్చేయండి. కంపెనీ పెట్టి పంపిన కోడ్, మాన్యువల్ చదివిన ప్రతివాడికీ తెలుసు. తర్వాత ఒక్కో కార్డునీ విడి యూజర్ నంబరు మీద ఎక్కించి, ఆ నంబరూ మనిషి పేరూ పుస్తకంలో రాసుకోండి. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లాంటి చోట పనివాళ్లు మారుతూనే ఉంటారు. పోయిన కార్డు చేతిలో ఉండదు కదా, నంబరుతోనే తీసేయాలి. ఆ నంబరు తెలీకపోతే అందరి కార్డులూ చెరిపి మళ్లీ మొదలెట్టాల్సిందే.

కార్డు చూపాక లాక్ తెరిచుంచే సమయం 5 సెకన్లు చాలు.

కరెంటున్నంతసేపూ తలుపు పట్టి ఉంచే మాగ్నెట్ లాక్‌కి రిలేలో (లాక్ కరెంటును కలిపి, తెంచే స్విచ్) ఎన్‌సీ (మామూలుగా కలిసుండే కాంటాక్టు), కరెంటిస్తే తెరుచుకునే స్ట్రైక్‌కి (తలుపు చట్రంలో బిగించే ఎలక్ట్రిక్ లాక్) ఎన్‌ఓ (మామూలుగా విడిగా ఉండే కాంటాక్టు) వాడండి. తారుమారైతే కార్డు చూపినప్పుడే తలుపు బిగుసుకుంటుంది. లాక్ రెండు తీగల మధ్య 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) వేయండి, గీత ఉన్న కొస ప్లస్ వైపు. లేదంటే రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి. మంటలొస్తే లోపలివాళ్లు బయటపడేందుకు మాగ్నెట్ సప్లైని నేరుగా తెంచే ఎమర్జెన్సీ స్విచ్ పెట్టాల్సిందే, ఇందులో రాజీ వద్దు.