మూడు కిలోల జీడిపప్పు 80 కోట్లు

ఎంటెక్ లాంటి పీజీ సీట్ల కోసం రాసే గేట్ పరీక్షలో డీఏ (డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్) పేపర్ రాయబోయే మ్యాథ్స్ వాళ్ల కోసం ఇది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఇందులో కొత్తేమీ ఉండదు, వదిలేయండి.

2024లో ఈ పేపర్ కొత్తగా పెట్టినప్పుడు సిలబస్‌లో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ చూసి "ఇది మనదే" అనుకున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా ఉందన్న సంగతి తర్వాత కంటబడింది. మాది పలాస. కాబట్టి నా మొదటి ప్రోగ్రామ్ కూడా జీడిపప్పు మీదే. కిలో ధర, ఎన్ని కిలోలు అని అడగాలి, గుణించి బిల్లు చెప్పాలి. అంతే.

రెండూ ఇన్‌పుట్‌తో (మనం కొట్టింది తీసుకునే కమాండ్) తీసుకుని గుణిస్తే టైప్ ఎర్రర్ వచ్చింది. పైథాన్ 3లో ఇన్‌పుట్ ఏది తెచ్చినా స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరుసగానే తెస్తుంది. మనం 800 కొట్టినా దానికి అది 8, 0, 0 అనే మూడు అక్షరాలు. అప్పట్లో నాకిది తెలీదు. నెట్‌లో చూసి కిలోలకి ఇంట్ (స్ట్రింగ్‌ని పూర్ణాంకంగా మార్చేది) తగిలించాను. ఎర్రర్ పోయింది! ధర 800, కిలోలు 3 కొట్టి, కొట్లో ఉన్న మావయ్యకి గర్వంగా చూపించాను.

"ఏట్రా ఇది? మూడు కిలోల పప్పుకి ఎనభై కోట్లేటి?"

తెర మీద 800800800. ధర ఇంకా స్ట్రింగే. స్ట్రింగ్‌ని పూర్ణాంకంతో గుణిస్తే పైథాన్ దాన్ని అన్నిసార్లు పక్కపక్కన రాసేస్తుంది, కిక్కురుమనదు. ధరకి కూడా ఇంట్ పెట్టాక 2400 వచ్చింది. (812.50 అని పైసలతో కొడితే ఇంట్ ఒప్పుకోదు, వాల్యూ ఎర్రర్ అంటుంది. అక్కడ దశాంశాల్ని ఒప్పుకునే ఫ్లోట్ వాడాలి.)

ఎర్రర్ వస్తే అదృష్టమే. టెన్షన్ పెట్టేవి ఎర్రర్ రానివి. గేట్ కంప్యూటర్ మీదే రాస్తాం గానీ కోడ్ రన్ చేసుకోనివ్వరు, తెర మీద కాలిక్యులేటర్ మాత్రం ఉంటుంది. 100, 35 రెండూ స్ట్రింగ్‌లైతే పైథాన్ లెక్కలో 100 చిన్నది, ఎందుకంటే మొదటి అక్షరం దగ్గరే 1 కన్నా 3 పెద్దది. అవుట్‌పుట్ ఎంత అని న్యూమరికల్ ప్రశ్న ఇస్తే పట్టుకోడానికి ఆప్షన్లూ ఉండవు. ఇంకోటి, 6ని 2తో ఒక గీతతో (/) భాగిస్తే 3 రాదు, 3.0 వస్తుంది. దాన్ని, లూప్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పడానికి వాడే రేంజ్‌కి ఇస్తే మళ్లీ టైప్ ఎర్రర్. రెండు గీతలు (//) పెడితే సరి.

అప్పట్నుంచి పలాస ప్యాసింజర్‌లో కూర్చుని కాగితం మీద కోడ్ ట్రేస్ చేసేటప్పుడు (ఒక్కో లైన్ ఏం చేస్తుందో రాసుకుంటూ పోవడం), ప్రతి వేరియబుల్ పక్కన విలువ కన్నా ముందు దాని టైప్, అంటే అది స్ట్రింగా పూర్ణాంకమా ఫ్లోటా అన్నది రాస్తున్నాను. మొదట్లో శ్రీకాకుళం రోడ్ వచ్చేసరికి రెండు ప్రశ్నలు కూడా అయ్యేవి కావు.

మావయ్య మాత్రం బిల్లులు ఇప్పటికీ చేత్తోనే రాస్తాడు.