బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పారేయకండి

పాత సీపీయూ డబ్బా మూత తీస్తే మా ఆకివీడులో ముందు బల్లి గుడ్లు రాలతాయి. తర్వాత చీమల మట్టి. ఒక పక్క కొల్లేరు, ఇంకో పక్క ఉప్పుటేరు, ఎటు చూసినా రొయ్యల చెరువులే. ఈ తేమకి రాగికి చిలుము పట్టక ఏమవుతుంది?

మా జిరాక్స్ షాపు వెనక గది నిండా ఇలాంటి డబ్బాలే. ఇనప సామాన్ల కొట్టులో కిలో లెక్కన తెచ్చుకుంటాను. బోర్డుల్లో బంగారం ఉంటుందట కదా అని అడిగేవాళ్ళు చాలామంది. ఉంటుంది, కానీ దాన్ని తీయాలంటే యాసిడ్ కాచాలి, ఆ పొగ నాకొద్దు. 2000ల మొదట్లో వచ్చిన మదర్‌బోర్డుల్లో ప్రాసెసర్ పక్కన కెపాసిటర్లు తలలు ఉబ్బి కనబడతాయి. వాటిని కూడా ముట్టుకోను. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) మాత్రం వదలను. ఆకుపచ్చ వైరుని ఏదైనా నల్ల వైరుకి కలిపితే ఆన్ అవుతుంది. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3. బల్ల మీద పనికి ఇంతకంటే చవకైన సప్లై దొరకదు. ఒక్క మాట: దాని మూత విప్పేవాళ్ళు ప్లగ్గు పీకేశాం కదా అని ధైర్యపడొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా నిలబడి ఉండొచ్చు. మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.

సరే, అసలు సంగతి మా బాబాయి చెరువు గురించి. కాళ్ళ ఊరి వైపు వనామి రొయ్య వేస్తాడు. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ తాగేస్తుంది. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళలో కరెంటు పోయి, నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, కాపలా మనిషి నిద్ర లేచి జనరేటర్ వేసేలోపే రొయ్య పైకి తేలుతుంది. కాబట్టి కావలసింది ఒక్కటే: కరెంటు పోయిన క్షణంలో కూత పెట్టే పెట్టె.

సామాను అంతా పాత యూపీఎస్‌లలోనే ఉంది. 12 వోల్టుల రిలేలు (కాయిల్‌కి కరెంటు అందితే ఒక పక్కకి, ఆగితే ఇంకో పక్కకి మారే స్విచ్‌లు), 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. కంప్యూటర్ని రెండు నిమిషాలు కూడా మొయ్యడం లేదని జనం ఆ బ్యాటరీని పారేస్తారు. యూపీఎస్ లోడు మీద ఉన్నప్పుడు అది పది, ఇరవై ఆంపియర్లు ఇవ్వాలి. చిన్న సైరన్ అర ఆంపియర్ కూడా తాగదు. అందుకే ముసలి బ్యాటరీల్లో మరీ చచ్చిపోనివి ఈ పనికి సరిపోతాయి. 13.6 వోల్టుల దగ్గర నిలబెట్టే చిన్న చార్జర్ ఒకటి పెడితే చాలు.

ఏరేటర్లు త్రీ ఫేజు కాబట్టి ఫేజుకొక రిలే. ప్రతి రిలేకి కరెంటు ఇవ్వడానికి అందరూ ఈకలా తేలికగా ఉండే ఇప్పటి అడాప్టర్ పెట్టమంటారు. అక్కడే నాకు పేచీ. దాని మీద '100 నుంచి 240 వోల్టులు' అని రాసి ఉంటుంది. అంటే 120కి పడిపోయినా అది హాయిగా 12 ఇస్తూనే ఉంటుంది, రిలే కదలదు. పైగా ఒక ఫేజు పోయినా తిరుగుతున్న మోటార్లు ఆ చచ్చిన ఫేజులోకి తిరిగి వోల్టేజి నెడతాయి. మోటారు మూలుగుతూ కాలుతుంటుంది, అడాప్టర్ మాత్రం అంతా బాగుందంటుంది.

పాత కంప్యూటర్ స్పీకర్లలో ఇనప ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది చూడండి, అది అబద్ధం చెప్పదు. లైన్లో ఎంత తగ్గితే దాని అవుట్‌పుట్ కూడా అంత తగ్గుతుంది. 12 వోల్టులది ఏరి, నాలుగు 4007 డయోడ్లు, ఒక కెపాసిటర్ కలిపి, రిలే కాయిల్‌కి వరసలో 5.1 వోల్టుల జెనర్ డయోడ్ వేశాను, అన్ని వోల్టులు అదే మింగేస్తుంది. దాంతో లైను పూర్తిగా పోయేదాకా ఆగకుండా, బాగా దిగగానే రిలే వదిలేస్తుంది. కాయిల్‌కి అడ్డంగా తిరగేసి ఇంకో డయోడ్ తప్పనిసరి. అయినా ఇది మోటారుకి రక్షణ కాదు. మోటారు తేలికగా తిరుగుతుంటే వెనక్కి వచ్చే వోల్టేజి దాదాపు నిండుగానే ఉంటుంది, జెనర్‌కి కూడా దొరకదు. స్టార్టర్‌లో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారుని ఆపేది) విడిగా ఉండాల్సిందే. ఖర్చు తగ్గిద్దామని దాన్ని తీయించేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

పెట్టె బిగించాక బాబాయి మొదటి ప్రశ్న: "ఒరేయ్ అబ్బాయ్, జనరేటర్ వేసుకున్నాక కూడా ఇది మొత్తుకుంటూనే ఉంటుందా? ఆపడానికి స్విచ్ ఏదిరా?"

"ఆపే స్విచ్ పెడితే మీరు మళ్ళీ వెయ్యరు బాబాయ్," అన్నాను. కొట్లో మెట్ల లైటుకి వాడే టూ వే స్విచ్ తెచ్చాను. బ్యాటరీ ప్లస్ మొదటి రిలే కామన్‌కి, దాని ఎన్‌ఓ (కాయిల్‌కి కరెంటు ఉన్నప్పుడు కామన్‌కి కలిసే పిన్ను) రెండో దాని కామన్‌కి, అలా మూడో దానికి. మూడు ఎన్‌సీలూ (కరెంటు పోయినప్పుడు కామన్‌కి కలిసే పిన్నులు) కలిపి స్విచ్‌కి ఒక పక్క, చివరి ఎన్‌ఓ రెండో పక్క, మధ్య పిన్ను సైరన్‌కి. కరెంటు పోతే కూస్తుంది, స్విచ్ తిప్పితే ఆగుతుంది. మూడు ఫేజులూ తిరిగి రాగానే మళ్ళీ కూస్తుంది, స్విచ్ వెనక్కి తిప్పేదాకా ఊరుకోదు. రిలేలు లైను వైపే ఉండాలి, జనరేటర్ చేంజోవర్‌కి (లైను నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్‌కి) ముందు. లేకపోతే జనరేటర్ వేసినా కరెంటు వచ్చిందనుకుంటుంది.

పెట్టెకి కింద మాత్రమే వైర్ల కన్నాలు చేసి, వాటిని ఎంసీల్‌తో మూశాను. బల్లులకి అందులో చోటు లేదు.